పిన్ని మేకలు, జీడితొక్క నూనె, నా మిడిమిడి జ్ఞానం

ఈ టపా ఎప్పుడో రాయాల్సింది. నాలుగైదుసార్లు మొదలెట్టి, సిగ్గేసి పక్కన పెట్టేశాను. మొన్న మా ఊరి వాట్సాప్ గుంపులో ఒక సందేశం వచ్చింది. ఫలానా చెట్టు రసం ఆవులకీ, మేకలకీ, కోళ్ళకీ వచ్చే వైరస్‌లన్నిటికీ ఒకటే మందట. శాస్త్రవేత్తలు నిరూపించేశారట. మందుల కంపెనీలు తొక్కిపెడుతున్నాయట. కింద ముప్పై నలభై దణ్ణం బొమ్మలు. మామూలుగా అయితే నేనూ ఓ వెటకారపు వ్యాఖ్య పడేసి పోయేవాణ్ణి. కానీ ఈ ఒక్క విషయంలో వెటకారం చేసే అర్హత నాకు లేదు. ఇలాంటి మాటే 2021లో మా పిన్నికి నేను స్వయంగా చెప్పాను. నాది ఫార్వర్డు కూడా కాదు, సొంత తయారీ.

మాది ఉద్దానం. పలాసలో రైలు దిగి, కాశీబుగ్గ దాటి సముద్రం వైపు వెళ్తే వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊరు. కొబ్బరి, జీడి, పనస, మునగ - ఎటు చూసినా తోటలే. తోటలే అనేవాళ్ళం, 2018 అక్టోబరు 11 దాకా. ఆ రోజు తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా దగ్గరే తీరం దాటింది. మా తాత నాటిన జీడిచెట్లు వేళ్ళతో సహా లేచి పడుకున్నాయి. మళ్ళీ మొక్క నాటి అది కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో మా పిన్నిలాంటి వాళ్ళని నిలబెట్టినవి రెండే - పలాస జీడి ఫ్యాక్టరీలో కూలి, ఇంటి దగ్గర మేకలు. డ్వాక్రా అప్పుతో 3 మేకలు కొంది. 2021 నాటికి అవి 11 అయ్యాయి. ఆడపిల్ల కాలేజీ ఫీజు కట్టాలంటే ఒక పోతు, ఆస్పత్రి ఖర్చొస్తే ఇంకోటి. మనకి పీఎఫ్ ఎలాగో పిన్నికి అవి అలాగ.

పిన్ని చేతుల గురించి కూడా చెప్పాలి. జీడిపిక్క కొట్టేటప్పుడు తొక్కలోంచి నల్లటి నూనె కారుతుంది. అది తగిలితే చర్మం కాలుతుంది, పొక్కుతుంది, ఊడుతుంది. మామిడికాయ సొన అంటితే మూతి పొక్కుతుంది చూడండి, జీడీ మామిడీ ఒకే కుటుంబం. కాకపోతే జీడి దానికి పెద్దన్న. బూడిదో ఆముదమో రాసుకుని కూర్చుంటారు గానీ, ఏళ్ళ తరబడి చేసినవాళ్ళ వేళ్ళు చూస్తే తెలిసిపోతుంది. చిన్నప్పుడు నాకు అన్నం కలిపి పెట్టేటప్పుడు "మసి కాదురా, కడిగినాను" అని చెప్పి మరీ పెట్టేది.

సరే, అసలు విషయానికొస్తాను.

2021లో కరోనా పుణ్యమా అని బెంగుళూరు గది ఖాళీ చేసి, ల్యాప్‌టాప్ పట్టుకుని ఊరొచ్చేశాను. డాబా మీద నీళ్ళట్యాంకు పక్కన మాత్రమే సిగ్నలు. మీటింగులన్నీ అక్కడే. ఆ రోజుల్లో మనమందరం వైరస్ నిపుణులమే కదా, నేనూ దొరికిన వ్యాసమల్లా చదివేవాణ్ణి. ఆ ఫిబ్రవరిలో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి ఒక వార్త వచ్చింది. అక్కడి పశువైద్య విభాగంలో కిన్-చౌ చాంగ్ అనే ఆచార్యుడి బృందం థాప్సిగార్గిన్ అనే పదార్థాన్ని పరీక్షించింది. అది మధ్యధరా ప్రాంతంలో పెరిగే ఓ కలుపుమొక్క నుంచి వస్తుంది. చూడ్డానికి క్యారెట్ బంధువులా ఉంటుంది, తింటే విషం. అతి తక్కువ మోతాదులో దాన్ని కణాలకి ఓ అరగంట చూపిస్తే చాలు, ఆ కణాల్లో ఫ్లూ వైరస్, ఆర్‌ఎస్‌వీ, కరోనా - మూడూ సరిగ్గా పెరగలేకపోయాయి. ప్రభావం రెండు రోజుల దాకా ఉంది. ఫ్లూ సోకిన ఎలుకల్లో కూడా కొంత రక్షణ కనిపించింది. పశువుల జబ్బులకీ పనికొస్తుందేమో చూడాలన్న ఆలోచన అక్కడినుంచే.

ఇందులో నన్ను ఆకట్టుకున్నది పనిచేసే తీరు. మామూలు మందు వైరస్ మీద గురిపెడుతుంది. వైరస్ రూపం మార్చుకుంటే మందు దండగ. ఇది వైరస్‌ని ముట్టుకోదు, మన కణాన్ని తట్టి లేపుతుంది. కణం లోపల కాల్షియాన్ని తోడిపోసే ఒక పంపుంటుంది. థాప్సిగార్గిన్ దాన్ని కాస్త అడ్డుకుంటుంది. కణం కంగారుపడి తన రక్షణ ఏర్పాట్లన్నీ ముందే ఆన్ చేసుకుంటుంది. అప్పుడు వచ్చింది ఏ వైరస్ అయినా తలుపులు మూసే ఉంటాయి. మా భాషలో చెప్పాలంటే, ఒక్కో వైరస్‌కి ఒక్కో ప్యాచ్ రాయకుండా ఆపరేటింగ్ సిస్టమ్‌నే గట్టిచెయ్యడమన్నమాట. (అదే పదార్థం మోతాదు పెరిగితే కణాన్ని చంపేస్తుంది. ఆ గుణం కోసమే దాని నుంచి తయారుచేసిన మందుని క్యాన్సర్ మీద ప్రయోగించి చూశారు. ఈ బ్రాకెట్లోని సంగతి నేను అప్పుడు చదివాను గానీ బుర్రకెక్కించుకోలేదు.)

పశువులకి ఇలాంటి మందు ఎంత అవసరమో పల్లెలో పెరిగినవాడికి వేరే చెప్పక్కర్లేదు. గాలికుంటుకి ఒక టీకా, అందులోనే ఓ, ఏ, ఏషియా-1 అని మూడు రకాలు, ఒకదానిది ఇంకోదానికి పనికిరాదు. కోళ్ళ కొక్కెర తెగులుకి ఇంకో టీకా. మేకలకొచ్చే పీపీఆర్, అంటే పారుడు రోగానికి ఇంకోటి. మశూచికి వేరేది. ముద్ద చర్మ వ్యాధి 2019లో దేశంలోకొచ్చి, 2022లో ఊళ్ళకి ఊళ్ళని పట్టుకున్నప్పుడు దానికంటూ మనకి టీకా లేదు, మేకల మశూచి టీకానే ఆవులకి వేశారు. పైగా మేకకి మూతి పుండ్లొస్తే అది పీపీఆరా, మశూచా, గాలికుంటా, మామూలు మూతి కురుపులా అనేది ప్రయోగశాలలో చూస్తే తప్ప గట్టిగా చెప్పలేం. ఆ జవాబొచ్చేలోపు మంద ఖాళీ అవుతుంది. ఏ జబ్బో తేలకముందే ఇవ్వగలిగిన ఒకే మందు ఉంటే? ఈ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. ఇప్పటికీ మంచి ప్రశ్నే.

నేను అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. మన దగ్గర అలాంటి మొక్క లేదా అని వెతికాను. ఉద్దానం వాడికి ఏం దొరుకుతుంది? జీడే!

జీడితొక్క నూనెలో అనకార్డిక్ ఆమ్లం అని ఉంటుంది. పచ్చి నూనెలో మూడింట రెండొంతుల దాకా అదే. 2003లో బెంగుళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్లో తపస్ కుందు గారి బృందం ఈ నూనెలోంచే ఆ ఆమ్లాన్ని వేరుచేసి, మన కణాల్లో జన్యువుల్ని తెరిచే పీ300 అనే ఎంజైమ్‌ని అది అడ్డుకుంటుందని చూపించింది. 2015లో కెనడాలో సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం వాళ్ళు అదే ఆమ్లం హెపటైటిస్-సి వైరస్‌ని కణాల్లో అడ్డుకుంటోందని ప్రచురించారు. అదీ కణం వైపునుంచి, ఇదీ కణం వైపునుంచి. రెండు చుక్కలు కలిపేశాను. పలాసలో గుట్టలుగా పడుండే తొక్కలో ప్రపంచాన్ని కాపాడే మందు! నా ఊహలో అప్పటికే ఒక స్టార్టప్పు, దానికో లోగో కూడా.

ఆ రాత్రే పిన్నితో అన్నాను. "పిన్నీ, నీ చేతులు కాల్చేస్తోందే ఆ తొక్కనూనె, అందులో వైరస్‌లని ఆపే మందుందట తెలుసా? మేకలకీ పనిచెయ్యొచ్చు" అని. పిన్ని నవ్వింది. "ఓలమ్మ, మరింకేటి, మేవందరం డాక్టర్లమే అయితే" అంది. "చెయ్యొచ్చు" అన్న ముక్కలో ఉన్న అనుమానం నాకు తెలుసు. పిన్నికి వినబడింది "మందుందట" అన్న ముక్క. అమెరికా కంపెనీకి పనిచేసే చదువుకున్న కొడుకు చెప్పాడు. అంతే.

కార్తీకమాసంలో నేను తిరిగి బెంగుళూరు వెళ్ళిపోయాను. ఊళ్ళో మేకలకి టీకాలు వేసిన రోజు పిన్ని ఫ్యాక్టరీలో ఉంది, మేకలు తోటలో ఉన్నాయి. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. సంక్రాంతికి ముందు సంతలో కొన్న ఒక మేకపిల్ల ముక్కు కారుతూ వచ్చింది. వారంలో మందంతా జ్వరం, కళ్ళల్లో పుసి, నోట్లో పుండ్లు, పారుడు. పిన్ని నాకు రెండుసార్లు ఫోన్ చేసింది. నేను రిలీజ్ కాల్‌లో ఉన్నాను. "తర్వాత చేస్తా" అని మెసేజ్ పెట్టాను. పిన్నికి మెసేజులు చదవడం రాదు.

మర్నాడు నేను ఫోన్ చేసేసరికి పిన్ని తొక్కనూనె తెచ్చి, కొబ్బరినూనెలో కలిపి, మేకల మూతులకీ నాలుకలకీ పూసేసింది. పుండు మీద జీడినూనె. ఏమైందో మీరు ఊహించగలరు. మూతులు వాచిపోయాయి. అంతో ఇంతో కొరుకుతున్నవి కూడా మేత ఒగ్గేశాయి. పశువుల డాక్టరు గారొచ్చి చూసి, పీపీఆర్ అయ్యుంటుందన్నారు. నోళ్ళు కడిగించి, బోరోగ్లిజరిన్ పూయించి, సూదులేశారు. "ఇది వైరస్‌కి మందు కాదమ్మా, పైన వచ్చే వేరే జబ్బులు ఆగడానికి. వైరస్‌కి టీకాయే, అదీ ముందే" అన్నారట. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ఆయనకి నా సంగతి తెలీదు కదా.

10 రోజుల్లో 7 మేకలు పోయాయి.

నేను ఫోన్లో అరిచాను. అది నేను మర్చిపోలేను, తప్పు నాదై ఉండి పిన్ని మీద అరిచాను. "ఆ నూనె ఎందుకు పూశావు పిన్నీ, ఎవరు పూయమన్నారు?" అని. పిన్ని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "నువ్వే సెప్పినావు గద నాన్నా, మందని" అంది.

తర్వాత నేను చేసిన పని ఒక్కటే, అదీ సాఫ్ట్‌వేర్ వాడి పని. లెక్కపెట్టాను. పిన్ని 6 మేకలకి నూనె పూసింది. మిగతా 5 అంత జబ్బుగా లేవని వదిలేసింది. పూసిన 6లో 5 పోయాయి. పూయని 5లో 2 పోయాయి. మొదటిసారి ఈ అంకెలు కాగితం మీద పెట్టుకున్నప్పుడు కడుపులో తిప్పింది. నూనే చంపేసింది, అంటే నేనే చంపేశాను.

కానీ ఆగి చూస్తే, పిన్ని ఏ మేకలకి పూసింది? ఎక్కువ జబ్బుగా ఉన్నవాటికి. అవి పూయకపోయినా పోయేవేమో. ఇంకో లెక్క కూడా వేశాను. నూనెకి ఏ ప్రభావమూ లేదనుకుందాం. 11 మేకల్లో ఏ 7 పోతాయో లాటరీ తీస్తే మొత్తం 330 రకాలుగా రావచ్చు. అందులో 65 రకాల్లో, పూసిన ఆరింటిలో ఐదో ఆరో పోయినవాటిలోనే ఉంటాయి. అంటే ఇంచుమించు ఐదింట ఒక వంతు. అదృష్టం బాగోకపోతే చాలు, ఇలాంటి తేడా దానంతటదే రావచ్చు. కాబట్టి నూనె చంపిందని రుజువు చెయ్యలేను. చంపలేదని కూడా చెయ్యలేను. మూతులు కాలడం మాత్రం కళ్ళముందే జరిగింది. నా తప్పు నాకు తెలుసు, దాని కొలత మాత్రం ఎప్పటికీ తెలీదు.

ఇప్పుడు దీన్ని తిరగేసి చూడండి. ఒకవేళ పూసిన ఆరింటిలో 5 బతికి ఉంటే? వీధి వీధంతా జీడినూనె మహిమ అని చెప్పుకునేది. నేనే ఓ ఫార్వర్డు రాసి ఉండేవాణ్ణి, పేరుతో సహా. అదీ ఇంతే అబద్ధం అయ్యుండేది, ఎందుకంటే పీపీఆర్ వచ్చిన మేకలన్నీ చావవు, కొన్ని వాటంతటవే లేస్తాయి. వాట్సాప్‌లో తిరిగే "మా ఆవుకి తగ్గింది" కథలన్నీ ఈ బాపతే. వాళ్ళు అబద్ధమాడరు. పూయకపోతే ఏమయ్యేదో వాళ్ళ దగ్గర లెక్క లేదంతే.

ఆ తర్వాత నేను చదవాల్సినవి చదివాను. ముందు చదవాల్సినవే అనుకోండి. వరసగా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుందేమో.

మొదటిది. పిన్ని పూసినది నేను చెప్పిన పదార్థమే కాకపోవచ్చు. అనకార్డిక్ ఆమ్లం వేడికి ఆగదు. తొక్కని వేయించినా, నూనెని బాగా కాచినా అందులోంచి బొగ్గుపులుసు వాయువు పోయి కార్డనాల్ అనే వేరే పదార్థం అవుతుంది. పెయింట్లలో, బ్రేకుల్లో వాడేది దాన్నే. పిన్ని నూనె మిల్లు దగ్గర సీసాలో పట్టించుకొచ్చింది కాచిన నూనె. అందులో నేను చదివిన ఆమ్లం అంతంత మాత్రం. చర్మాన్ని కాల్చే కార్డాల్ మాత్రం పచ్చి నూనెలోనూ ఉంటుంది, కాచినదాంట్లోనూ ఉంటుంది. చూశారా, మందు పోయి మంట మిగిలింది. "మొక్కలో ఫలానా పదార్థం ఉంది" అన్నదానికీ "మన సీసాలో అది ఉంది" అన్నదానికీ మధ్య ఇంత దూరం. 2010లో జపాన్ వాళ్ళు ఆవుల పొట్టలో మీథేన్ వాయువు తగ్గించడానికి ఇదే జీడితొక్క నూనెని పరీక్షించారు. అక్కడ కూడా పచ్చి నూనె పనిచేసినంతగా కాచిన నూనె పనిచెయ్యలేదు. వాళ్ళు రెండిటినీ వేరువేరుగా పెట్టి చూశారు కాబట్టి ఆ సంగతి తెలిసింది.

రెండోది. గాజు గిన్నెలో వైరస్ చావడం పెద్ద విశేషం కాదు. సబ్బునీళ్ళలో కూడా చస్తుంది. అలాగని మేకకి సబ్బు తాగించం కదా. అనకార్డిక్ ఆమ్లం ఆకారం చూస్తే తల ఒకవైపు నీళ్ళతో కలిసేది, తోక పొడుగ్గా 15 కార్బన్లతో నూనెతో కలిసేది. ఇంచుమించు సబ్బు బాపతే. అందుకే ఏ మందుకైనా రెండు అంకెలు అడగాలి - వైరస్‌ని సగానికి తగ్గించడానికి ఎంత కావాలి, కణాల్ని సగం చంపడానికి ఎంత చాలు. ఈ రెంటి మధ్య దూరం ఎంత ఎక్కువుంటే మందు అంత మంచిది. మొదటి అంకె ఒక్కటే చెప్పి రెండోది దాచే వార్తని నమ్మకండి.

మూడోది. గిన్నెలో పనిచేసినా ఒంట్లో చేరాలి. పసుపులోని కర్కుమిన్ దీనికి పెద్ద ఉదాహరణ. గిన్నెలో అది చెయ్యని ఘనకార్యం లేదు. కానీ నోటితో తీసుకుంటే రక్తంలోకి చేరేది అత్యల్పం. 2017లో కొందరు రసాయన శాస్త్రవేత్తలు దాని మీద జరిగిన 120కి పైగా వైద్య పరీక్షల్ని తిరగేసి, గట్టి పద్ధతిలో చేసిన వాటిలో ఒక్కటీ నెగ్గలేదని రాశారు. మేకకైతే ఇంకో చిక్కు. దానికి నాలుగు గదుల పొట్ట, అందులో కోట్ల సూక్ష్మజీవులు. మనం వేసిన మందుని ముందు అవి తినేస్తాయి.

నాలుగోది, అన్నిటికంటే అసలైనది. మందు ఇవ్వని మేక కూడా ఉండాలి. ఏ మేకకి ఇవ్వాలో యజమాని కాదు, బొమ్మా బొరుసూ తేల్చాలి. మేక ఎలా ఉందో రాసేవాడికి, దేనికి మందు ఇచ్చారో తెలీకూడదు. ముందు ఆరోగ్యంగా ఉన్న మేకల మీద మోతాదు భద్రమేనా అని చూడాలి. తర్వాత వైరస్‌ని కావాలని ఎక్కించి చూడాలి. అది బయటికి పొక్కని ప్రయోగశాలలో, జంతు ప్రయోగాల నైతిక సంఘం ఒప్పుకున్నాకే. మన దేశంలో అలాంటి పనికి ముక్తేశ్వర్, భోపాల్‌లాంటి చోట్ల సంస్థలున్నాయి. ఆ తర్వాతే ఊళ్ళు. పాలల్లో, మాంసంలో మందు ఎన్నాళ్ళుంటుందో తేల్చాలి. చివరికి ధర. పిల్లులకొచ్చే ఒక ప్రాణాంతక కరోనా జబ్బుకి 2019లో కాలిఫోర్నియాలో 31 పిల్లుల మీద ఒక మందు పరీక్షించారు, చాలామటుకు బతికాయి. అద్భుతమే. కానీ పిల్లికి లక్షలు ఖర్చుపెట్టేవాళ్ళుంటారు. మేక ధర కంటే మందు ధర ఎక్కువైతే పిన్నికి అది మందు కాదు, వార్త.

మా తోటి ఇంజనీర్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే: "నా మెషీన్లో పనిచేస్తోంది" అని చెప్పి టెస్టింగ్ లేకుండా నేరుగా ప్రొడక్షన్‌లో పెట్టేశాను. ఆఫీసులో ఎవడైనా ఆ పని చేస్తే నేనే తిడతాను. ఆ ప్రొడక్షన్ మా పిన్ని పెరడు.

మొక్కల మందు కదా, పనిచెయ్యకపోయినా హాని లేదులే అనే మాట ఇంకోటుంది. మా ఉద్దానంలో ఆ మాట అనడానికి ధైర్యం ఉండాలి. మా దగ్గర ఇంటికొకరు కిడ్నీ జబ్బు మనిషి. 1990లలో బెల్జియంలో సన్నబడటానికి మూలికల మాత్రలు మింగిన ఆడవాళ్ళు వందమందికి పైగా కిడ్నీలు పోగొట్టుకున్నారు. కారణం అరిస్టోలోకిక్ ఆమ్లం, శుద్ధ మొక్కల సరుకే. మన ఈశ్వరి తీగ ఆ జాతిదే. (ఉద్దానం జబ్బుకి అదే కారణం అనడం లేదు, దయచేసి దీన్ని ఫార్వర్డు చెయ్యకండి.) మొక్క అయినంత మాత్రాన అది మన చుట్టం కాదు. తనని తినకుండా ఉండటానికే చాలా మొక్కలు ఆ రసాయనాలు తయారుచేసుకుంటాయి. జీడి తొక్క కూడా అంతే, పప్పుని కాపాడుకోవడానికే ఆ నూనె.

ఉద్దానానికి పరీక్షలు కొత్త కాదు. 20 ఏళ్ళకి పైగా బృందాల మీద బృందాలొచ్చి మా రక్తం తీశాయి, నీళ్ళు తీశాయి, మట్టి తీశాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి, హిరమండలం నుంచి మంచినీళ్ళ పథకం ప్రారంభమయ్యాయి. మంచిదే. కానీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఎవరూ గట్టిగా తేల్చలేదు. "మా నెత్తురు అట్టుకెళ్ళినోళ్ళు మళ్ళీ రానేదు" అని మా ఊళ్ళో ముసలాళ్ళు అంటారు. ఆ మాట పరిశోధన మీద కోపం కాదు, ఫలితం తిరిగి తమ గడపకి రాలేదన్న కోపం. రేపు ఎవరైనా జీడినూనెలోంచి నిజంగానే పశువుల మందు తయారుచెయ్యాలని వస్తే నేను సంతోషిస్తాను. ఎవరి మేక మీద పరీక్షిస్తున్నారు, చస్తే పరిహారం ఎవరిస్తారు, ఏం తేలిందో ఎవరొచ్చి చెప్తారు - ఈ మూడూ ముందే రాసి పెట్టాలి. అది అడగడం మా హక్కు.

నేను మొక్కల మందులకి వ్యతిరేకిని కాను. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ కూడా ముద్ద చర్మ వ్యాధికి తమలపాకు, మిరియం, ఉప్పు, బెల్లం ముద్ద, పైన పూతకి వేప, పసుపు, కుప్పింటాకు, గోరింటాకు నూనె చెబుతుంది. పుండు మానడానికీ, ఈగలు వాలకుండా ఉండటానికీ, పశువు నాలుగు మెతుకులు తినడానికీ అవి సాయపడితే అంతకంటే ఏం కావాలి. కానీ పుండు మాన్పడం వేరు, వైరస్‌ని ఆపడం వేరు. రెండూ ఒకటే అని చెప్పినవాడు టీకా రోజుని మర్చిపోయేలా చేస్తాడు. నేను చేసింది అదే.

మందులుంటే చాలు, ఇష్టం వచ్చినట్టు వాడొచ్చు అన్నది కూడా తప్పే. మనుషుల ఫ్లూ మందు అమాంటడిన్‌ని చైనాలో కోళ్ళకి పోస్తున్నారని 2005లో వార్తలొచ్చాయి. ఆ మందుకి లొంగని బర్డ్ ఫ్లూ రకాలు అప్పటికే బయటపడ్డాయి. అన్ని వైరస్‌లకీ ఒకే మందు అంటూ వస్తే దాన్ని మనం ఎంత జాగ్రత్తగా వాడతామో ఊహించుకోండి.

మా తాత ముసర రోగం గురించి చెప్పేవాడు. ఊళ్ళో ఎడ్లన్నీ పోయి, మనుషులే నాగలి లాగిన ఏడాది గురించి. ఆ జబ్బు ఇప్పుడు భూమ్మీద లేదు. 2011లో ప్రపంచంలోంచే పోయిందని ప్రకటించారు. దానికి మందు ఏదీ రాలేదు, మూలికా రాలేదు. టీకా వేశారు, ఊరూరా తిరిగి, పశువు పశువుకీ. మేకల పీపీఆర్ దానికి స్వయానా తమ్ముడు. మన దేశంలోనే తయారైన టీకా ఉంది, ఒకసారి వేస్తే కనీసం మూడేళ్ళు కాస్తుంది. 2030కల్లా దీన్ని కూడా లేకుండా చెయ్యాలని ప్రపంచ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. మా పిన్ని మేకలకి తక్కువైంది అద్భుతమైన పదార్థం కాదు. టీకా వేసేవాళ్ళొచ్చే రోజు ఎప్పుడో ముందుగా తెలియడం, ఆ పూట ఒకరు ఇంటి దగ్గర ఉండటం. అంతే. ఆ పని నేను బెంగుళూరు నుంచి కూడా చెయ్యగలిగేవాణ్ణి, ఒక్క ఫోన్ కాల్‌తో.

ఇప్పుడు చేస్తున్నాను. పిన్నికి 4 మేకలు కొనిచ్చాను (తీసుకోనని చాలా గొడవ చేసింది, మిగిలిన నాలుగింటితో కలిపి పిల్లాపాపలతో ఇప్పుడు 13). వాటి టీకా తేదీలు నా క్యాలెండర్లో ఉన్నాయి, రిలీజ్ తేదీల పక్కనే. సంతలో కొన్న కొత్త మేకని మూడు వారాలు వేరే కట్టేస్తోంది. అది డాక్టరు గారు చెప్పిన మాట.

పోయిన దసరాకి వెళ్ళినప్పుడు పిన్నే అడిగింది, "ఆ తొక్కనూనె మందు ఏటయినాది నాన్నా, ఎవులైనా సేసినారేటి?" అని. ఇంకా లేదు పిన్నీ, గిన్నెల్లోనే ఉంది అన్నాను. "అవునా. సేత్తే సెప్పు మరి" అంది, మేతకట్ట విప్పుతూ. ఆ నూనె మరక వేళ్ళ మీద అలాగే ఉంది.

మీ ఇంటి దగ్గర కూడా మేకలో గొర్రెలో ఉంటే, ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు పీపీఆర్ టీకా చివరిసారి ఎప్పుడు వేయించారో ఒక్క మాట అడగండి.